లాంగ్వేజ్ ప్యాకేజింగ్‌కి గిట్ రిపోలు ఎట్ల పెట్టల్ల? అన్నీ ఒకదాంట్లోనా, ప్యాకేజీకి ఒకటా?

అనంత_టెర్మినల్ (అనంతపురం)

అందరికీ నమస్తే. ప్రశ్న కొంచెం పొడుగుంది, ఓపిగ్గా చదవండప్పా.

మేము కొంతమందిమి కలిసి ఒక చిన్న ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ మీద పని చేస్తాండాం. మా సీనియర్లు మొదలుపెట్టినారు, ఇప్పుడు కంపైలర్ బాగా నిలబడింది, స్టాండర్డ్ లైబ్రరీ ఉంది, దాని మీద రాసిన లైబ్రరీలు ముప్పై చిల్లర ఉండాయి, ఇంకా ప్యాకేజ్ మేనేజర్, ఫార్మాటర్, ఎడిటర్‌కి లాంగ్వేజ్ సర్వర్ వేరే. ఈ చుట్టుపక్కల కాలేజీ ల్యాబుల్లో పెట్టండని సార్లు అడుగుతాండారు. ల్యాబ్ సిస్టమ్స్‌లో కొన్ని డెబియన్ 12, పాతవి ఉబుంటు 22.04, కొత్తగా కొన్నవి 24.04. పిల్లోళ్ళని సోర్స్ తెచ్చుకోని కంపైల్ చేసుకోండంటే ల్యాబ్ పీరియడ్ మొత్తం దానికే పోతుంది, అందుకే ఆప్ట్ ఇన్‌స్టాల్ అని కొడితే వచ్చేసేట్టు ఉండల్ల.

ఇప్పుడు ఎట్లుందంటే, కంపైలర్ రిపోలో (గిట్‌లో దాని కోడ్ ఉండే చోట) మెయిన్ బ్రాంచ్‌లోనే డెబియన్ అనే ఫోల్డర్ ఉంది, ప్యాకేజీ ఎట్ల కట్టాలో చెప్పే కంట్రోల్, చేంజ్‌లాగ్ లాంటి ఫైళ్ళు దాంట్లోనే. లైబ్రరీలకి ఒక్కోదానికి ఒక్కో రిపో, కొన్నిట్లో డెబియన్ ఫోల్డర్ ఉంది కొన్నిట్లో లేదు, కొన్నిటిది ఎవరో వాళ్ళ సొంత అకౌంట్‌లో పెట్టుకున్నారు. కంట్రోల్ ఫైల్‌లో ఒక డిపెండెన్సీ పేరు మార్చాలన్నా కంపైలర్ మెయిన్ బ్రాంచ్‌లో కమిట్ చెయ్యల్ల. చేంజ్‌లాగ్‌లో పైన ఉబుంటు ఎంట్రీ పెడితే డెబియన్‌కి పనికిరాదు, డెబియన్ ఎంట్రీ పెడితే ఉబుంటుకి పనికిరాదు. పోయినసారి కంపైలర్ 0.8 నుంచి 0.9 కి మారినప్పుడు అసలు బాధ బయటపడింది. కొత్త కంపైలర్ ఎక్కింది, లైబ్రరీలు సగం రీబిల్డ్ అయినాయి, సగం కాలేదు, ల్యాబ్‌లో అప్‌గ్రేడ్ కొట్టగానే ఇట్ల వచ్చింది:

"జేసన్ లైబ్రరీ డెవ్: డిపెండ్స్: స్టాండర్డ్ లైబ్రరీ ఏబీఐ 41907, బట్ ఇట్ ఈజ్ నాట్ ఇన్‌స్టాలబుల్"

ఏబీఐ అంటే కంపైల్ అయిన ముక్కలు ఒకదానితో ఒకటి కలిసే పద్ధతి, ఆ 41907 అనేది పాత కంపైలర్ ఏబీఐ నంబర్. కొత్తదానికి వేరే నంబర్ వచ్చింది కాబట్టి ఆప్ట్ ముందుకీ పోదు వెనక్కీ రాదు. పరీక్షల ముందు అట్ల అయితే పిల్లోళ్ళ గతేంది చెప్పండి.

అందుకే జూన్‌లో కాలేజీలు తెరిచే లోపల మొత్తం సర్దుకోవాలని చూస్తాండాం. డెబియన్ ఫోల్డర్లన్నీ ఒకే రిపోలో పెట్టల్లా, లేకపోతే ప్యాకేజీకి ఒక రిపోనా? కంపైలర్, స్టాండర్డ్ లైబ్రరీ కలిసి ఉండల్లా వేరుగానా? పెద్ద డిస్ట్రోల (డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ రకాలు) వాళ్ళు దీన్ని ఎట్ల చేస్తాండారో తెలిసినోళ్ళు చెప్పండి.

కందనవోలు (కర్నూలు)

తమ్ముడూ, మంచి ప్రశ్న. దీని గురించి రాసేవాళ్ళు తక్కువ, అందరూ కంట్రోల్ ఫైల్ ఎట్ల రాయాలో చెప్తారు గానీ రిపో ఎట్ల పెట్టాలో చెప్పరు.

మొదట మెయిన్ బ్రాంచ్‌లోంచి డెబియన్ ఫోల్డర్ తీసేయండి. కంపైలర్ రాసేది మీరే, ప్యాకేజీ చేసేది మీరే అయినా సరే తీసేయండి. 3.0 క్విల్ట్ ఫార్మాట్‌లో (డెబియన్ సోర్స్ ప్యాకేజీలకి మామూలుగా వాడేది) సోర్స్ ప్యాకేజీ విప్పేటప్పుడు అసలు టార్‌బాల్ (కోడ్ మొత్తం మూటకట్టిన ఫైల్) లోపల ఉన్న డెబియన్ ఫోల్డర్‌ని డీపీకేజీ-సోర్స్ అనే టూల్ ఎట్లాగూ పక్కకి తోసేస్తుంది, ప్యాకేజింగ్ టార్‌బాల్‌లోదే పెడుతుంది. అంటే మీ మెయిన్ బ్రాంచ్‌లో ఉన్నది ఎవరికీ ఉపయోగపడదు, చూసేవాళ్ళకి మాత్రం ఏది నిజమైందో అర్థం కాదు. వెర్షన్ నంబర్ చివర డ్యాష్ 1, డ్యాష్ 2 అని ఉండేది ఎందుకు? కోడ్ అదే, ప్యాకేజింగ్ మాత్రం మారింది అని చెప్పడానికి. రెండూ ఒకే బ్రాంచ్‌లో ఉంటే ఆ తేడానే ఉండదు, డిపెండెన్సీ పేరు సరిచెయ్యడానికి కూడా కంపైలర్‌కి కొత్త రిలీజ్ ఇయ్యాల్సొస్తుంది.

ఇంక రిపోల సంగతి. డెబియన్ లోపలే ఒక్కో లాంగ్వేజ్ టీమ్ ఒక్కో రకంగా చేస్తుంది, వాళ్ళ గిట్ సర్వర్ సల్సాలో ఎవరైనా పోయి చూసుకోవచ్చు. పెర్ల్ టీమ్‌కి వేలకొద్దీ మాడ్యూళ్ళు ఉన్నా ప్రతిదానికీ వేరే రిపోనే. పైథాన్, గో టీమ్‌లు కూడా అంతే. కానీ హాస్కెల్ టీమ్ మాత్రం లైబ్రరీల డెబియన్ ఫోల్డర్లన్నీ డీహెచ్‌జీ-ప్యాకేజెస్ అని ఒకే రిపోలో పెట్టుకున్నారు, ఆడ అప్‌స్ట్రీమ్ కోడే (అంటే అసలు రాసినవాళ్ళ కోడే) ఉండదు, ప్యాకేజీకి ఒక ఫోల్డర్, దాంట్లో డెబియన్ ఫోల్డర్, అంతే. రస్ట్ టీమ్ కూడా క్రేట్లన్నిటికీ (రస్ట్ లైబ్రరీలని క్రేట్లంటారు) డెబ్‌కార్గో-కాన్ఫ్ అని ఒకటే రిపో, ఒక్కో క్రేట్‌కి చిన్న సెట్టింగ్స్ ఫైల్ ఉంటుంది, మిగతాదంతా డెబ్‌కార్గో అనే టూల్ తయారు చేస్తుంది.

ఈ తేడా ఎందుకు వచ్చిందో చూస్తే మీ సమాధానం దొరుకుతుంది. పెర్ల్ మాడ్యూళ్ళలో చానా వరకు ఒట్టి పెర్ల్ కోడే, పెర్ల్ 5.36 నుంచి 5.40 కి పోయినా వాటిని తాకే పని లేదు, సీ కోడ్ ఉన్నవాటికి మాత్రమే పెర్ల్‌ఏపీఐ అనే డిపెండెన్సీ ఉంటుంది, అవే రీబిల్డ్ అవుతాయి. హాస్కెల్‌లో అట్ల కుదరదు. కంపైలర్ ఒక లైబ్రరీలోని కోడ్‌ని తీసుకోని ఇంకోదాంట్లో ఇన్‌లైన్ చేస్తుంది, అందుకే కింద ఒక లైబ్రరీ కదిలిందంటే పైనున్నవన్నీ మళ్ళీ బిల్డ్ చెయ్యాల, ప్యాకేజీ డిపెండెన్సీలోనే హ్యాష్ నంబర్ ఉంటుంది. మీ 41907 అదే జాతి. అట్లాంటప్పుడు ఒకే మార్పుని ముప్పై రిపోల్లో ముప్పై కమిట్లు పెట్టడం కంటే ఒక రిపోలో ఒక కమిట్ పెడితే చూసుకోడానికి ఉంటుంది.

కాబట్టి నా మాట ఏమంటే, ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్ళు ఒకే ఇంట్లో ఉండాల. కంపైలర్ మారినప్పుడల్లా మారి తీరాల్సిన లైబ్రరీలన్నీ ఒక రిపో. ఫార్మాటర్, లాంగ్వేజ్ సర్వర్ లాంటివి వాటి రిలీజులు వాటివి కాబట్టి వేరు వేరు రిపోలు. కంపైలర్‌కి దాని సొంత రిపో.

స్టాండర్డ్ లైబ్రరీ కంపైలర్‌తో కలిసే రిలీజ్ అవుతుందా, వెర్షన్ నంబర్ ఒకటేనా? అయితే రెండూ ఒకే సోర్స్ ప్యాకేజీగా చెయ్యండి. అప్‌స్ట్రీమ్‌లో రెండు రిపోలుగా ఉన్నా పర్వాలేదు, 3.0 క్విల్ట్‌లో ఒకటి కంటే ఎక్కువ ఒరిజ్ టార్‌బాళ్ళు (అప్‌స్ట్రీమ్ కోడ్ ఉన్నవి) పెట్టుకోవచ్చు, అదనపుదానికి కాంపొనెంట్ పేరు ఇస్తే సరిపోతుంది. రెండిటినీ వేరు చేసినారంటే ఏదో ఒకరోజు కంపైలర్ ఒక వెర్షన్, స్టాండర్డ్ లైబ్రరీ ఇంకో వెర్షన్ ఎవరో ఒకరి మిషన్‌లోకి ఎక్కుతాయి.

గండికోట_గిట్ (ప్రొద్దుటూరు)

కందనవోలు గారు చెప్పిన డెబియన్ సంగతులు కరెక్టే, కానీ నేను దీంట్లో వేరే పక్క మాట్లాడాల.

తమ్ముడూ, నీ ల్యాబ్‌లో అప్‌గ్రేడ్ విరిగింది గిట్ రిపోలు విడివిడిగా ఉన్నందుకు కాదు. సగం ప్యాకేజీలు రెడీ అయినప్పుడే పబ్లిష్ చేసినారు, అందుకు విరిగింది. డెబియన్ ఫోల్డర్లన్నీ ఒకే రిపోలో ఉన్నా సరే, బిల్డ్ అయినదాన్ని అయినట్టు ఆప్ట్ సర్వర్‌లోకి తోస్తా ఉంటే రేపు కూడా ఇదే ఎర్రర్ వస్తుంది.

ఫెడోరా చూడు. ఆడ ప్రతి ప్యాకేజీకి సొంత రిపో, దాన్ని డిస్ట్-గిట్ అంటారు, రాహైడ్‌కి (ఎప్పుడూ మారుతా ఉండే డెవలప్‌మెంట్ వెర్షన్) ఒక బ్రాంచ్, ఒక్కో రిలీజ్‌కి ఎఫ్40, ఎఫ్41 అని బ్రాంచ్. టార్‌బాళ్ళు గిట్‌లో ఉండవు, సోర్సెస్ అని చిన్న ఫైల్‌లో చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో పట్టించే గుర్తు) ఉంటుంది, అసలు ఫైల్ లుక్‌అసైడ్ క్యాష్ అనే వేరే చోట ఉంటుంది. మరి హాస్కెల్ లాంటిదాన్ని వాళ్ళు ఎట్ల అప్‌డేట్ చేస్తారు? సైడ్ ట్యాగ్ అని ఒకటి తీసుకుంటారు. కంపైలర్, దాని మీద ఆధారపడినవన్నీ ఆ పక్క గదిలోనే వరసగా బిల్డ్ చేసి, అన్నీ పాస్ అయినాక ఒక్కసారిగా మెయిన్‌లోకి కలుపుతారు. మధ్యలో యూజర్‌కి సగం సగం కనపడే పనే లేదు. డెబియన్‌లో కూడా అన్‌స్టేబుల్ నుంచి టెస్టింగ్‌కి పోయేటప్పుడు ట్రాన్సిషన్ అని రిలీజ్ టీమ్ చూసుకునేది ఇదే కదా, అన్నీ కలిసి దాటితేనే దాటనిస్తారు.

ఆర్చ్ సంగతి కూడా చెప్పాల. వాళ్ళు ఏళ్ళ తరబడి అన్నీ రెండు పెద్ద ఎస్‌వీఎన్ (గిట్ కంటే పాత టూల్) రిపోల్లో పెట్టుకోని, 2023 మే నెలలో గిట్‌కి మారినప్పుడు ప్యాకేజీకి ఒక రిపోగా విడగొట్టినారు. ఇంకో పక్క ఆల్పైన్ ఏపోర్ట్స్, వాయిడ్, నిక్స్‌ప్యాకేజెస్ అన్నీ ఒకే రిపోలో హాయిగా నడుస్తాండాయి. అంటే రిపో ఒకటా వందా అనేది మనుషుల్ని బట్టి. ఎవరు ఏ ప్యాకేజీ చూసుకుంటారు, ఎవరికి పర్మిషన్ ఇయ్యాల, రేపు ఒకరు చదువు అయిపోయి బెంగళూరు వెళ్ళిపోతే ఆ ప్యాకేజీని ఎవరి చేతిలో పెట్టాల. విడి రిపో అయితే అప్పజెప్పడం సులువు, దాని చరిత్ర దానితో పోతుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా, సొంత అకౌంట్లలో ఉన్న ఆ డెబియన్ ఫోల్డర్లని ముందు ఒక గ్రూప్ కిందికి తీసుకురండి. మిగతాది తర్వాత.

అనంత_టెర్మినల్ (అనంతపురం)

అన్నా, అక్కా, ఇద్దరికీ చానా థ్యాంక్స్. ఇద్దరు చెప్పిందీ మాకు పట్టింది, అందుకే ఇంకా కొన్ని వివరాలు ఇస్తాండా.

మా కంపైలర్ కూడా ఇన్‌లైన్ చేస్తుంది, ఏబీఐ నంబర్ ప్రతి రిలీజ్‌కి మారుతుంది. లైబ్రరీలు ముప్పైలో చానా భాగం చూసేది మేము ముగ్గురమే. రెండు మాత్రం సీ లైబ్రరీలకి బైండింగ్స్ (వాటిని మా లాంగ్వేజ్‌లోంచి వాడుకునే వంతెనలు), అవి మా ఫ్రెండ్ ఒకడు కడప నుంచి చూస్తాడు, వానికి వాని రిపో అంటే ఇష్టం.

కంపైలర్ 0.8 దాకా సీ ప్లస్ ప్లస్‌లో ఉండేది, 0.9 నుంచి మా లాంగ్వేజ్‌లోనే రాసినాం. అంటే 0.9 బిల్డ్ కావాలంటే 0.8 ఉండల్ల. ఖాళీ మిషన్‌లో మొదలుపెడితే కోడి ముందా గుడ్డు ముందా అన్నట్టు ఉంది, దీన్ని ఏ రిపోలో ఎట్ల పెట్టల్ల? డాక్యుమెంటేషన్ తయారు చేసే టూల్ కూడా మా లైబ్రరీల మీదే ఆధారపడింది, కంపైలర్ ప్యాకేజీకి డాక్యుమెంటేషన్ కావాలంటే లైబ్రరీలు కావాల, లైబ్రరీలకి కంపైలర్ కావాల, తిరిగి తిరిగి అక్కడికే.

ఇంకోటి, ఒక కాలేజీలో సిలబస్ 0.8 మీద రాసుకున్నారు, ఈ సంవత్సరం మార్చమంటాండారు. పక్క కాలేజీకి 0.9 కావాల. ఒకే ఆప్ట్ సర్వర్ నుంచి రెండూ ఇయ్యొచ్చా?

మూడు డిస్ట్రోలకి మూడు బ్రాంచ్‌లు అంటే ముప్పై లైబ్రరీలకి తొంభై బ్రాంచ్‌లు అవుతాయి కదా అని భయం కూడా ఉంది. మా కంపైలర్ మెషిన్ కోడ్ తయారీకి వాడుకునే ఎల్ఎల్‌వీఎమ్ డిఫాల్ట్ 22.04 లో 14, 24.04 లో 18, అది కూడా కంట్రోల్ ఫైల్‌లో చేత్తో రాసుకున్నాం.

కందనవోలు (కర్నూలు)

ముందు ఆ ఎల్ఎల్‌వీఎమ్ సంగతి తేల్చుకుందాం. మీ కంపైలర్ 14 తోనూ 18 తోనూ పని చేస్తుంది అంటే బిల్డ్ డిపెండెన్సీలో నంబర్ లేకుండా ఎల్ఎల్‌వీఎమ్-డెవ్ అని రాయండి, ఏ డిస్ట్రోలో ఏది డిఫాల్టో అదే వస్తుంది. రన్‌టైమ్ డిపెండెన్సీ అసలు చేత్తో రాయొద్దు, ఎస్‌హెచ్‌లిబ్స్ డిపెండ్స్ అనే వేరియబుల్ పెడితే బిల్డ్ అయినప్పుడు ఏ లైబ్రరీకి లింక్ అయిందో చూసి అదే నింపుకుంటుంది. ఇట్ల చేసినారంటే మూడు డిస్ట్రోలకి డెబియన్ ఫోల్డర్ ఒకటే సరిపోతుంది, చేంజ్‌లాగ్‌లో పై ఎంట్రీ ఒకటే తేడా, దాన్ని బిల్డ్ చేసేటప్పుడు స్క్రిప్ట్‌తో పెట్టుకోవచ్చు. తప్పదు అన్నప్పుడే బ్రాంచ్ తియ్యండి. లైబ్రరీలన్నీ ఒకే రిపోలో ఉంటే బ్రాంచ్ తీసినా మొత్తానికి మూడే, తొంభై కాదు. నేను ఒకే రిపో అన్నదానికి ఇది కూడా ఒక పెద్ద కారణం. బ్రాంచ్‌ల పేర్లకి డెప్-14 అని డెబియన్ సూచనలు ఉన్నాయి, డెబియన్/లేటెస్ట్, డెబియన్/బుక్‌వర్మ్, ఉబుంటు/జామీ, ఉబుంటు/నోబుల్ అని (బుక్‌వర్మ్ అంటే డెబియన్ 12, జామీ 22.04, నోబుల్ 24.04) పెట్టుకుంటే బయటివాళ్ళు వచ్చినా చూడగానే అర్థం చేసుకుంటారు.

ఈ కోడి గుడ్డు కథని బూట్‌స్ట్రాప్ అంటారు, అది మీ ఒక్కరి సమస్య కాదు. గో కూడా 1.4 దాకా సీలో రాసింది, 2015లో 1.5 నుంచి గోలోనే. అప్పుడు 1.5 ని కట్టడానికి 1.4 ఉండాల్సొచ్చింది. రస్ట్ అయితే ప్రతి వెర్షన్‌నీ దాని ముందు వెర్షన్‌తో బిల్డ్ చెయ్యాల. డిస్ట్రోలు దీన్ని ఎట్ల మోస్తాయంటే, కంపైలర్ ప్యాకేజీ బిల్డ్ డిపెండెన్సీలో తన పేరే తాను రాసుకుంటుంది. ఆర్కైవ్‌లో ఉన్న పాత వెర్షన్ కొత్తదాన్ని కడుతుంది. మొట్టమొదటిసారి మాత్రం ఎవరో ఒకరు బయటి నుంచి తెచ్చి పెట్టాల.

మీకు అదృష్టం ఏంటంటే 0.8 సీ ప్లస్ ప్లస్‌లో ఉంది, అది ఎక్కడైనా బిల్డ్ అవుతుంది. దానికి బూట్‌స్ట్రాప్ అని పేరు పెట్టి వేరే సోర్స్ ప్యాకేజీ, వేరే రిపో చెయ్యండి, దాంట్లోకి కొత్త ఫీచర్లు రానీకండి, కొత్త జీసీసీ (సీ, సీ ప్లస్ ప్లస్ కంపైలర్) వచ్చినప్పుడు బిల్డ్ కాకపోతే ఆ ప్యాచ్ ఒక్కటే వేసుకోండి. రేపు 0.12 వచ్చినాక కూడా ఎవరన్నా ఏఆర్ఎమ్ బోర్డు తెచ్చి మొదటి నుంచి కట్టాలంటే 0.8 తో 0.9, 0.9 తో 0.10 అని మెట్టు మెట్టు ఎక్కొచ్చు. మధ్యలో ఏ మెట్టుకి ఏది కావాలో ఆ రిపో రీడ్‌మీలోనే రాసి పెట్టండి. ఈ దారి చెడిపోకుండా చూసుకోవడం మీ లాంగ్వేజ్‌కి మీరు చేసే పెద్ద సేవ, ఎందుకంటే ఎవరో ఇచ్చిన బైనరీని నమ్మకుండా సోర్స్ నుంచి మొత్తం కట్టుకోగలం అని చెప్పుకోడానికి అదొక్కటే ఆధారం.

ఆ డాక్యుమెంటేషన్ చక్రం తెంచడానికి బిల్డ్ ప్రొఫైల్స్ (కొన్ని పనులు వదిలేసి కట్టే సెట్టింగులు) వాడండి. డాక్యుమెంటేషన్ టూల్ ఉన్న లైన్ దగ్గర నోడాక్ ప్రొఫైల్‌లో వద్దు అని గుర్తు పెట్టండి, టెస్టులకి కావాల్సిన లైబ్రరీల దగ్గర నోచెక్ గుర్తు. మొదటి రౌండ్ ఆ రెండు ప్రొఫైల్స్‌తో కంపైలర్ కట్టుకోని, లైబ్రరీలు కట్టి, రెండో రౌండ్‌లో కంపైలర్‌ని పూర్తిగా కట్టండి. ఇంకా మంచిది కావాలంటే డాక్యుమెంటేషన్‌ని కంపైలర్ సోర్స్ ప్యాకేజీలోంచి తీసేసి వేరే సోర్స్ ప్యాకేజీ చేసేయండి. కంపైలర్ ప్యాకేజీ కింద ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

0.8, 0.9 రెండూ ఒకేసారి ఇయ్యడం గురించి, డెబియన్‌లో గోని చూసి అట్లే చెయ్యండి. గోలాంగ్-1.19 ఒక సోర్స్ ప్యాకేజీ, గోలాంగ్-1.21 ఇంకో సోర్స్ ప్యాకేజీ, పేరులోనే వెర్షన్ ఉంటుంది కాబట్టి రెండూ ఒకే మిషన్‌లో పడతాయి. గోలాంగ్-డిఫాల్ట్స్ అని ఇంకో చిన్న ప్యాకేజీ ఉంటుంది, దాంట్లో కోడ్ ఏమీ ఉండదు, ఏది డిఫాల్టో దానికి డిపెండెన్సీ, సిమ్‌లింక్, అంతే. పైథాన్‌కి, జీసీసీకి, ఎల్ఎల్‌వీఎమ్‌కి అందరికీ ఈ డిఫాల్ట్స్ ప్యాకేజీ ఉంది. కంపైలర్ రిపో ఒకటే ఉంచుకోని వెర్షన్‌కి ఒక బ్రాంచ్ పెట్టుకోండి, డిఫాల్ట్స్‌కి మాత్రం సొంత రిపో. సిలబస్ 0.8 అన్న కాలేజీలో వెర్షన్ పేరుతో ఉన్న ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే డిఫాల్ట్ మారినా వాళ్ళని తాకదు. ఒక్కటి గుర్తుంచుకోండి, లైబ్రరీలు రెండు కంపైలర్లకీ ఇయ్యబోకండి. డిఫాల్ట్ దానికే కట్టండి, ముప్పై లైబ్రరీలని రెండుసార్లు మోసేంత మంది మీ దగ్గర లేరు.

గుత్తి_జంక్షన్ (గుత్తి)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దండి. నేను ఫైనల్ ఇయర్, ప్యాకేజింగ్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటాండా. ఒకే రిపోలో ఒట్టి డెబియన్ ఫోల్డర్లు మాత్రమే ఉంటే అసలు కోడ్ యాడనుంచి వస్తుంది? నేను చూసిన గైడ్‌లలో జీబీపీ (గిట్-బిల్డ్‌ప్యాకేజ్, గిట్ రిపోలోంచి ప్యాకేజీ కట్టే టూల్) అని ఉంది, అప్‌స్ట్రీమ్ బ్రాంచ్, ప్రిస్టీన్-టార్ బ్రాంచ్ అని ఉండాయి. ఆ పద్ధతి ఇక్కడ పనికిరాదా?

కందనవోలు (కర్నూలు)

పనికొస్తుంది తమ్ముడూ. జీబీపీ మామూలు పద్ధతిలో అప్‌స్ట్రీమ్ కోడ్ మొత్తం ఒక బ్రాంచ్‌లో ఉంటుంది, ప్రిస్టీన్-టార్ బ్రాంచ్‌లో ఒక చిన్న డెల్టా ఉంటుంది, ఆ రెండూ కలిపి విడుదలైన టార్‌బాల్‌ని ఒక్క బైట్ కూడా తేడా లేకుండా మళ్ళీ తయారు చేస్తుంది. అది ప్యాకేజీకి ఒక రిపో ఉన్నప్పుడు బాగుంటుంది. కంపైలర్ రిపోకి అదే వాడమంటా.

ఒట్టి డెబియన్ ఫోల్డర్లు ఉన్న రిపోలో అయితే డెబియన్ ఫోల్డర్ లోపల వాచ్ అని ఒక ఫైల్ ఉంటుంది, కొత్త రిలీజులు ఎక్కడ పడతాయో దాంట్లో రాసి ఉంటుంది. యూస్కాన్ అనే టూల్ అది చదివి టార్‌బాల్ దించుతుంది. డెవ్‌స్క్రిప్ట్స్ అనే టూల్స్ ప్యాకేజీలో ఒరిజ్‌టార్‌జీజెడ్ అని ఇంకోటి ఉంది, అది ప్రిస్టీన్-టార్, ఆప్ట్, యూస్కాన్ వీటిలో ఏది కుదిరితే దాంతో తెస్తుంది. తెచ్చిన టార్‌బాల్ విప్పి దాని మీద డెబియన్ ఫోల్డర్ పెట్టి బిల్డ్ చెయ్యడమే. నువ్వు నేర్చుకునేటప్పుడు ఒక చిన్న లైబ్రరీ తీసుకోని ఇది చేత్తో ఒకసారి చెయ్, టార్‌బాల్ విప్పు, ఫోల్డర్ కాపీ కొట్టు, డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజ్ నడుపు. టూల్ లోపల ఏం జరుగుతుందో కళ్ళారా చూసినాక జీబీపీ మీద భయం పోతుంది.

తుంగభద్ర_తీరం (కర్నూలు)

టార్‌బాల్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా. గిట్ హోస్టింగ్ సైట్లు ట్యాగ్ నుంచి అప్పటికప్పుడు తయారు చేసి ఇచ్చే టార్‌బాల్ మీద ఆధారపడొద్దు. 2023 జనవరి చివర్లో గిట్‌హబ్‌లో కంప్రెషన్ పద్ధతి మారి, లోపల కోడ్ అదే అయినా ఫైల్ చెక్‌సమ్ మారిపోయింది, చెక్‌సమ్ పోల్చి చూసే బిల్డ్ సిస్టమ్స్ చానా ఆగిపోయినాయి, తర్వాత వాళ్ళు ఆ మార్పు వెనక్కి తీసుకున్నారు. మీరే అప్‌స్ట్రీమ్ కాబట్టి రిలీజ్ చేసేటప్పుడు టార్‌బాల్ మీరే తయారు చేసి, సైన్ చేసి, అప్‌లోడ్ చెయ్యండి. వాచ్ ఫైల్‌లో ఆ సంతకం సరిచూడమని కూడా రాయొచ్చు.

ఇంక ఆప్ట్ సర్వర్. గండికోట మేడం చెప్పిన సైడ్ ట్యాగ్ పద్ధతి మన సొంత సర్వర్‌లో చెయ్యాలంటే ఆప్ట్ సర్వర్‌లో ప్యాకేజీలు సర్ది పబ్లిష్ చేసే ఆప్ట్‌లీ అనే టూల్ వాడుకోండి. దాంట్లో స్నాప్‌షాట్ అని ఉంటుంది. బిల్డ్ అయిన ప్యాకేజీలన్నీ లోపలి రిపోలోకి వేసుకుంటా పోండి, ముప్పై లైబ్రరీలూ కొత్త ఏబీఐ మీదికి వచ్చినాక స్నాప్‌షాట్ తీసి, పబ్లిష్ స్విచ్ కొట్టండి, ఒక్క దెబ్బకి పాత సెట్ నుంచి కొత్త సెట్‌కి మారుతుంది. ఏదన్నా తేడా వస్తే పాత స్నాప్‌షాట్‌కి స్విచ్ కొడితే సర్వర్ మళ్ళీ పాత సెట్‌నే ఇస్తుంది, ఇంకా అప్‌గ్రేడ్ కొట్టని మిషన్లకి ఇబ్బంది ఉండదు. స్విచ్ కొట్టే ముందు మూడు డిస్ట్రోల ఖాళీ క్రూట్‌లలో (ఒకే మిషన్‌లో విడిగా పెట్టుకునే చిన్న సిస్టమ్‌లు) అన్ని డెవ్ ప్యాకేజీలు ఒకేసారి ఇన్‌స్టాల్ చేసి చూడండి. ఆ 41907 ఎర్రర్ అక్కడే పట్టుబడుతుంది, పిల్లోళ్ళ దాకా పోదు.

వెర్షన్ నంబర్లు మూడు డిస్ట్రోలకి వేరుగా ఉండాల. సర్వర్‌లో ప్యాకేజీ ఫైళ్ళన్నీ పడే పూల్ ఫోల్డర్ ఒకటే కదా, ఒకే ఫైల్ పేరుతో రెండు రకాల ఫైళ్ళు పెట్టబోతే గొడవ. 0.9.2-1 తర్వాత టిల్డా పెట్టి జామీ1 అని, ఇంకోదానికి నోబుల్1 అని పెట్టుకోండి. టిల్డా ఉన్నది లేనిదానికంటే చిన్నదిగా లెక్క, రేపు అసలు డెబియన్‌లోకి 0.9.2-1 పోయినా అప్‌గ్రేడ్ సాఫీగా అవుతుంది. కోడ్ మారకుండా ఒట్టి రీబిల్డ్ అయితే ఎస్‌బిల్డ్ అనే బిల్డ్ టూల్‌లో దానికి బిన్‌ఎన్ఎమ్‌యూ అనే ఆప్షన్ ఉంది, చివర ప్లస్ బీ1 అని వస్తుంది, డెబియన్ చేసేదీ అంతే. దానికి గిట్‌లో కమిట్ కూడా అక్కర్లేదు.

నెట్ స్లో ఉన్న ల్యాబుల్లో ఒక పాత సిస్టమ్ మీద ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ పెట్టండి, 3142 పోర్ట్. మొదటి మిషన్ దించినాక మిగతావన్నీ లోకల్ నుంచే తీసుకుంటాయి. సైనింగ్ కీ ఆప్ట్-కీతో వెయ్యొద్దు, అది పాతపడింది, ఈటీసీ ఆప్ట్ కీరింగ్స్ ఫోల్డర్‌లో పెట్టి సోర్సెస్ లైన్‌లో సైన్డ్-బై రాయండి.

గండికోట_గిట్ (ప్రొద్దుటూరు)

తుంగభద్ర గారు చెప్పిన పబ్లిష్ స్విచ్ ఉంటే నా అభ్యంతరం సగం తీరిపోయినట్టే. చూసేది ముగ్గురే, అందరూ ఒకచోటనే ఉన్నారు, ఏబీఐ ప్రతిసారీ మారుతుంది అంటే లైబ్రరీలకి ఒకే రిపో అని నేను కూడా ఒప్పుకుంటా. కానీ కడపలో ఉన్న ఆ పిల్లోడి రెండు బైండింగ్స్‌ని బలవంతంగా దాంట్లోకి లాగొద్దు. వాని రిపో వానికి ఉండనీ, గ్రూప్ కింద ఉంటే చాలు. ఎమ్ఆర్ అని ఒక టూల్ ఉంది, పెర్ల్ టీమ్ వాళ్ళు వాడేది, ఒక కాన్ఫిగ్ ఫైల్‌లో రిపోల పేర్లు రాసుకుంటే ఎమ్ఆర్ అప్‌డేట్ అని ఒక్కసారి కొడితే అన్నీ తెస్తుంది. బిల్డ్ స్క్రిప్ట్‌కి డెబియన్ ఫోల్డర్ ఏ రిపోలోంచి వచ్చిందో తెలియాల్సిన అవసరం లేదు, ఏ వరసలో కట్టాలో తెలిస్తే చాలు. ఆ వరసని చేత్తో రాసుకోవద్దు, కంట్రోల్ ఫైళ్ళలో బిల్డ్ డిపెండెన్సీలు చదివి లెక్క కట్టించండి, లేకపోతే ముప్పై ఒకటో లైబ్రరీ వచ్చినరోజు మళ్ళీ తప్పుతుంది.

అనంత_టెర్మినల్ (అనంతపురం)

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ పేరు పేరునా థ్యాంక్స్. నిన్న ముగ్గురం కూర్చోని అనుకున్నాం. కంపైలర్, స్టాండర్డ్ లైబ్రరీ కలిపి ఒక ప్యాకేజింగ్ రిపో, జీబీపీ పద్ధతిలో, 0.8 కి 0.9 కి వేరే బ్రాంచ్‌లు. బూట్‌స్ట్రాప్‌కి ఒకటి, డిఫాల్ట్స్‌కి చిన్నది ఒకటి. లైబ్రరీలన్నిటికీ ఒట్టి డెబియన్ ఫోల్డర్లతో ఒకటే. టూల్స్ మూడింటికీ విడివిడిగా, కడప వాని బైండింగ్స్ వాని దగ్గరే. డాక్యుమెంటేషన్ కంపైలర్‌లోంచి తీసేస్తాం. మొదటి పని మాత్రం ఆప్ట్‌లీ పెట్టడం, దానికి రిపోలు సర్దేదాకా ఆగే పని లేదు కాబట్టి ఈ వారమే మొదలుపెడతాండాం. గుత్తి తమ్ముడూ, ఖాళీ ఉంటే చెప్పు, కాపీరైట్ ఫైళ్ళు చాలా లైబ్రరీలకి రాయాల్సి ఉంది, నేర్చుకోడానికి దానికంటే మంచి చోటు లేదు, ప్రతి ఫైల్ లైసెన్స్ చదవాల్సొస్తుంది.

ఆఖరిది ఒకటి. లైబ్రరీల రిపోలో ట్యాగులు ఎట్ల పెట్టల్ల? వెర్షన్‌లో టిల్డా ఉంటే గిట్ తీసుకోవట్లేదు.

గండికోట_గిట్ (ప్రొద్దుటూరు)

గిట్ ట్యాగ్ పేర్లలో టిల్డా, కోలన్ రెండూ కుదరవు. డెప్-14లో దానికి రూల్ ఉంది, టిల్డాకి బదులు అండర్‌స్కోర్, కోలన్‌కి బదులు పర్సెంట్ గుర్తు. జీబీపీ అయితే అదే మార్చుకుంటుంది, లైబ్రరీల రిపోలో మీ స్క్రిప్ట్‌తో మార్చుకోండి. ఆ రిపోలో ప్యాకేజీలు చానా ఉన్నాయి కాబట్టి ట్యాగ్ ముందర ప్యాకేజీ పేరు తప్పకుండా ఉండాల, జేసన్/డెబియన్/0.9.2-1 అన్నట్టు. లేకపోతే రెండు లైబ్రరీలకి ఒకే వెర్షన్ వచ్చినరోజు రెండో ట్యాగ్ పడదు. ట్యాగ్ పెట్టేది ఆప్ట్‌లీలో స్విచ్ కొట్టినాకనే పెట్టండి, బిల్డ్ అయినప్పుడు కాదు.